జాబ్ కార్డు మీద రాయించుకో, తల్లీ

గుంటూరు,
మే 18.

చి. ల. సౌ. శైలజకు అమ్మ ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ మీ నాన్నగారూ నేనూ క్షేమం. నిన్న రాత్రి ఫోన్‌లో పాప దగ్గు గురించి చెబుతూ, మాటల మధ్యలో నీవు అన్న ఒక్క సంగతి నన్ను చాలాసేపు నిద్రపోనివ్వలేదు. కొని ఏడు నెలలైనా నిండని కారులో కూలెంట్ రెండుసార్లు కింది గీత దాటి దిగిపోయిందనీ, రెండుసార్లూ సర్వీస్ సెంటర్ వాళ్లు డబ్బు తీసుకోకుండా నింపి పంపించారనీ, ఎంత మర్యాదస్తులో అని అల్లుడుగారు మెచ్చుకున్నారనీ చెప్పావు. ఆ నింపిన సంగతి జాబ్ కార్డు మీద, అంటే బండి ఇచ్చేటప్పుడు మన ఫిర్యాదూ వాళ్లు చేసే పనీ రాసే సర్వీస్ కాగితం మీద, ఉందా అని నేనడిగితే, "దానికి కాగితం ఎందుకమ్మా" అన్నావు. ఆ కాగితం కోసమే నేను పద్నాలుగు నెలలు తిరిగాను. నీకు పూర్తిగా చెప్పని ఆ కథ ఇప్పుడు చెప్పక తప్పదు.

ముందు అసలు విషయం. కూలెంట్ పెట్రోలులాగా ఖర్చయ్యే వస్తువు కాదు. అది మూత బిగించిన వ్యవస్థలో ఇంజనుకూ రేడియేటరుకూ మధ్య తిరుగుతూ ఉండే ద్రవం. కొత్త బండిలో లోపల చిక్కుకున్న గాలి బయటికి పోయి మట్టం ఒకసారి కొద్దిగా దిగడం ఉంటే ఉండవచ్చు గాని, నింపిన తరువాత మళ్లీ దిగిందంటే అది ఎక్కడికో పోతున్నదన్న మాటే. పోతే రేడియేటరు నుంచో, హోస్ పైపు బిగింపు దగ్గరో, వాటర్ పంపు సీలు నుంచో బయటికి పోవాలి. లేదా డ్యాష్‌బోర్డు వెనక ఉండే హీటరు నుంచి కారి కాళ్ల కింద కార్పెట్‌ను తడపాలి. లేదా హెడ్ గాస్కెట్, అంటే ఇంజను దిమ్మకూ దాని పైనుండే సిలిండర్ హెడ్‌కూ మధ్య ఉండే సీలు, దెబ్బతిని ఇంజను లోపలికే పోవాలి. మూడోది జరిగితే సైలెన్సరు నుంచి తెల్లని పొగ వదలకుండా వస్తుంది, ఇంజనాయిలు పాలు కలిపిన కాఫీ రంగుకు తిరగవచ్చు.

ఇరవై తొమ్మిదేళ్లు జూనియర్ కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పినదాన్ని కనుక ఇంకొక్క మాట చెప్పనివ్వు. ఇథిలిన్ గ్లైకాల్, శుద్ధజలం సగం సగం కలిపితే ఆ మిశ్రమం మామూలు పీడనంలో సుమారు 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది. రేడియేటరు మూత లోపలి పీడనాన్ని నిలిపి ఉంచుతుంది కనుక అదే మిశ్రమం 125 డిగ్రీలు దాటినా మరగకుండా ఉండగలుగుతుంది. మన ఇంట్లో కుక్కరు చేసే పనే ఇది. ఎక్కడైనా సన్నని లీకు ఏర్పడితే ద్రవం తగ్గడమే కాదు, ఆ పీడనమూ నిలవదు. మరిగే ఉష్ణోగ్రత కిందికి దిగుతుంది. చుక్క చుక్క కారే లోపం నెలల తరబడి ఏమీ కానట్టే ఉండి, ఒక ఎండాకాలం మధ్యాహ్నం హైవే మీద ఒక్కసారిగా బయటపడడానికి కారణం ఇదే.

మాకు అలాగే బయటపడింది. 2024 ఏప్రిల్‌లో నీ సీమంతానికి వస్తూ టైరు పంచరై ఆలస్యమైందని చెప్పాం, గుర్తుందా? అది నిజం కాదు, తల్లీ. నీకు ఏడో నెల, కంగారు పడతావని అలా చెప్పాం. చిల్లకల్లు టోల్ గేటు, కోదాడ దాటే వరకు బండి బాగానే నడిచింది. సూర్యాపేట దాటాక ఏసీలోంచి వేడి గాలి రావడం మొదలైంది, ఆ వెంటనే బెల్లం పాకం మాడినట్టు ఒక తీపి వాసన వచ్చింది. మీటరులో ముల్లు అప్పటిదాకా మధ్యలోనే ఉంది. నేను చూస్తుండగానే ఎర్ర గీత దాకా లేచింది. మీ నాన్నగారు వెంటనే బండిని రోడ్డు పక్కకు తీసి ఇంజను ఆపేశారు. బానెట్ తెరుద్దామంటే అంచుల నుంచి ఆవిరి చిమ్ముతున్నది. గంట సేపు డిక్కీలోని నీ గాజుల పెట్టెనూ అరిసెల డబ్బానూ ఒళ్లో పెట్టుకుని వేపచెట్టు నీడన కూర్చున్నాం. చల్లారాక చూస్తే కూలెంట్ డబ్బాలో చుక్క లేదు. వాటర్ పంపు కింద, చిన్న రంధ్రం ఉన్నచోట, గులాబీ రంగు పెచ్చు ఎండి గట్టిపడి ఉంది. గోటితో గీస్తే సుద్దలా రాలింది. అది ఆ రోజు కారినది కాదు. నెలల తరబడి కారుతూ, ఎండుతూ పేరుకున్నది.

ఆ బండిని మేము 2021 దసరాకు కొన్నాం. మూడేళ్ల వారంటీ. అంటే ఇంకా ఆరు నెలల గడువు ఉంది. అంతకుముందు పది నెలల్లో మూడుసార్లు కూలెంట్ తగ్గిందని నేనే సర్వీస్ సెంటర్‌లో చెప్పాను. మూడుసార్లూ నవ్వుతూ నింపారు, పైసా తీసుకోలేదు. జాబ్ కార్డులో మాత్రం "జనరల్ చెకప్" అని రాశారు, నేను చదవకుండానే సంతకం పెట్టాను. ఇంజను విప్పాక హెడ్ గాస్కెట్ కాలిందని, సిలిండర్ హెడ్ వంగిందని చెప్పి 1,18,000 రూపాయల అంచనా చేతిలో పెట్టారు. వారంటీ మాట ఎత్తితే, కూలెంట్ లేకుండా నడపడం వల్ల ఇంజను పాడైంది కనుక అది వినియోగదారుడి నిర్లక్ష్యమన్నారు. మరి మీకు మూడుసార్లు చెప్పాను కదా అంటే, "రికార్డులో అలాంటి కంప్లైంట్ ఏదీ లేదు మేడం" అన్నారు. ఉచితంగా చేసిన ఆ పని మాకు ఎంత ఖరీదైనదో ఆ నిమిషంలో అర్థమైంది.

బీమా ఉంది కదా అని నీకు తోచవచ్చు. మేమూ అడిగాం. మామూలు సమగ్ర బీమా ప్రమాదాలకే గాని యాంత్రిక లోపాలకు వర్తించదన్నారు. కనుక మిగిలింది వారంటీ ఒక్కటే.

నన్ను నిలబెట్టినవి రెండే రెండు. ఒకటి, జనవరిలో సర్వీస్ అడ్వైజరుకు నేను పంపిన వాట్సాప్ సందేశం. డబ్బా ఫొటో పెట్టి "మళ్లీ తగ్గింది, కారణం చూడండి" అని రాస్తే, "టాప్ అప్ చేశాం మేడం, ప్రాబ్లం లేదు" అని ఆయన జవాబిచ్చారు. రెండవది, విప్పిన వాటర్ పంపునూ కాలిన గాస్కెట్‌నూ పారేయకుండా భద్రపరచమని అదే రోజు ఈమెయిల్‌లో కోరడం. ముల్లు ఎర్ర గీతకు చేరినా నడిపారని వాళ్లు చేసిన వాదనకు జవాబు నేను చదివిన చదువులోనే దొరికింది. వేడిని కొలిచే సెన్సరు ద్రవంలో మునిగి ఉంటేనే సరైన లెక్క చెబుతుంది. ద్రవం పోయి అది గాలిలో, ఆవిరిలో మిగిలితే ఇంజను మాడిపోతున్నా ముల్లు కొంతసేపు మధ్యలోనే ఉండవచ్చు. ఈ విషయాన్ని నేను జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పెట్టిన అర్జీలో ఒక పేరా అంతా రాశాను. దానితో పాటు ఇంజను కంప్యూటరులో నమోదైన లోపాల స్కాన్ రిపోర్టు ప్రతిని అడిగి తీసుకున్నాను. అధిక వేడిని సూచించే పి0217 కోడ్ అందులో ఉంది. ఆ క్షణాన బండి వేగమెంతో, ఇంజను ఎన్ని చుట్లు తిరుగుతున్నదో కూడా ఉంది.

కోపంలో కొత్త కారే ఇప్పించమని అడగాలనుకున్నాను. మన వీధిలోని వకీలుగారు ఆపారు. వారంటీ కింద కంపెనీ బాధ్యత లోపమున్న భాగాన్ని బాగుచేయడం లేదా మార్చడం వరకేనని, మొత్తం బండిని మార్చమనడం కుదరదని 2006లో సుప్రీంకోర్టు ఒక కార్ల కేసులో చెప్పిందని వివరించారు. అందువల్ల మరమ్మతు ఖర్చు, బండిని లాగించిన ఖర్చు, అద్దె కారు ఖర్చు, వేదనకు కొంత పరిహారం మాత్రమే అడిగాను. డీలరునూ తయారీ కంపెనీనీ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చమన్నది కూడా ఆయనే. ఒకరిని వదిలేస్తే రెండోవారు తప్పంతా వాళ్లదేనంటారు.

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం మనకు ఇచ్చిన సదుపాయాలు నిజంగా చాలా ఉన్నాయి. కొన్న చోటనే కాదు, మనం నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు. వస్తువుకు చెల్లించిన ధర 50 లక్షల లోపు ఉంటే జిల్లా కమిషన్ చాలు. మా కారు ధర పది లక్షల లోపు కనుక నేను కట్టిన రుసుము 200 రూపాయలు. నీ కారుకైతే 400 అవుతుంది. వకీలును పెట్టుకోవాలన్న నిర్బంధం లేదు, నేనే నిలబడి చెప్పుకున్నాను. లోపం బయటపడిన నాటి నుంచి రెండేళ్ల లోపు వేయాలి. అవసరమైతే భాగాన్ని ప్రయోగశాలకు పంపించే అధికారం కూడా కమిషన్‌కు ఉంది. నేను ఈ-దాఖిల్ అనే ఆన్‌లైన్ పోర్టల్‌లో వేశాను. 2025 జనవరి నుంచి దాని స్థానంలో ఈ-జాగృతి వచ్చింది. మూడు నెలల్లో, పరీక్ష అవసరమైతే ఐదు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉన్నా, మాది వాయిదాల మీద వాయిదాలు పడి, చివరికి మధ్యవర్తిత్వానికి పంపారు. అక్కడ ఆ వాట్సాప్ కాగితం బల్ల మీద పెట్టాక కంపెనీ తరఫు ఆయన దాన్ని రెండుసార్లు చదువుకుని, భాగాల ఖర్చూ కూలీ మొత్తమూ భరిస్తామన్నారు. అద్దె కారు డబ్బులూ పరిహారమూ నేను వదులుకున్నాను. ఆ జవాబు ఫోన్‌లో నోటిమాటగా వచ్చి ఉంటే నా చేతిలో ఏమీ ఉండేది కాదు.

ఇక నీ సంగతి. ఈ వారంలోనే బండి తీసుకుని వెళ్లు. "కూలెంట్ మూడోసారి తగ్గకముందే కారణం కనిపెట్టాలి; ఇప్పటికి రెండుసార్లు తగ్గింది, ఫలానా తేదీల్లో మీరే నింపారు" అని నీ మాటల్లోనే జాబ్ కార్డులో రాయించి, చదివి, అప్పుడు సంతకం పెట్టు. వాళ్లు రాయనంటే అక్కడే నిలబడి అదే వాక్యాన్ని ఈమెయిల్ చెయ్యి. నింపి పంపుతామంటే ఒప్పుకోకు. ప్రెషర్ టెస్ట్ చెయ్యమను. చల్లగా ఉన్న వ్యవస్థలోకి చేతి పంపుతో గాలి ఎక్కించి, గేజి ముల్లు పడిపోతున్నదో లేదో చూస్తారు; లీకు ఉంటే అక్కడ తెలిసిపోతుంది. నీవు దగ్గరుండి చూడు. లీకు ఎక్కడా కనిపించకపోతే, కూలెంట్‌లోకి ఇంజను వాయువులు వస్తున్నాయేమో చూసే పరీక్ష కూడా అడుగు. ఆ పరీక్షలో వాడే నీలి ద్రవం పసుపు రంగుకు తిరిగితే హెడ్ గాస్కెట్ మీద అనుమానం.

"కూలెంట్ వారంటీలోకి రాదు" అని ఎవరైనా అంటే అది సగమే నిజమని తెలుసుకో. కూలెంట్ ద్రవం వాడుక సరుకు కనుక దాని ఖరీదు వాళ్లు ఇవ్వకపోవచ్చు. కాని అది కారిపోవడానికి కారణమైన పంపు, రేడియేటరు, గాస్కెట్ వాడుక సరుకులు కావు. వారంటీ నిరాకరిస్తే ఏ నిబంధన కింద నిరాకరించారో ఆ నిబంధన సంఖ్యతో రాసి ఇమ్మను. నోటితో సులువుగా కాదనేవాళ్లు కాగితం మీద కాదనడానికి తటపటాయించడం నేను కళ్లారా చూశాను. అక్కడ పని జరగకపోతే 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చెయ్యి; చాలా కంపెనీలు ఆ దశలోనే దిగివస్తాయని వకీలుగారు అన్నారు.

ఈ లోపల బయటి మెకానిక్ చేత ఏదీ విప్పించకు. లీకు ఆపే పొడులు అమ్ముతారు, వాటిని పోయించకు. అవి రేడియేటరు సన్నని గొట్టాలను మూసేస్తాయి, కంపెనీకి ఒక సాకు కూడా దొరుకుతుంది. రంగు చూసి కూలెంట్ కొనవద్దు, ఆకుపచ్చా గులాబీ అన్నవి కంపెనీల ఇష్టమే గాని ప్రమాణం కాదు. పుస్తకంలో రాసిన రకమే వాడాలి, వేరు రకాలు కలిస్తే తుప్పును ఆపే గుణం పోతుంది, కొన్నిసార్లు మడ్డి కడుతుంది. బోరు నీళ్లు అసలు వద్దు. మన పల్నాడు నీళ్లు కాచిన గిన్నెల అడుగున తెల్లగా పట్టే సున్నం నీవు చిన్నప్పుడు గోకి ఆడుకునేదానివి. అదే రేడియేటరు లోపల పడుతుంది. దారిలో ప్రాణం మీదికి వస్తే తాగే నీళ్ల సీసా పోయవచ్చు, కాని ఇంజను చల్లారాకే. వేడిగా ఉన్నప్పుడు మూత తిప్పితే మరిగే ద్రవం ముఖాన చిమ్ముతుంది. పోసిన సంగతి సర్వీస్ వాళ్లకు రాతపూర్వకంగా తెలియజెయ్యి.

అన్నిటికంటే ముఖ్యం, మిగిలిన కూలెంట్ డబ్బా ఎక్కడ పెట్టారో చూడు. అది తియ్యగా ఉంటుంది, రంగు షరబత్తులా ఉంటుంది, కొద్దిగా తాగినా మూత్రపిండాలను పాడుచేసే విషం. పాప ఇప్పుడు అందిందల్లా నోట్లో పెట్టుకునే వయసులో ఉంది. బాల్కనీలో కింద ఉంటే ఈ ఉత్తరం పక్కన పెట్టి ముందు దాన్ని తీసి, తాళం వేసే అలమరలో పెట్టు.

ఆదివారం ఉదయం బండి కదపకముందు, చల్లగా ఉన్నప్పుడు, కూలెంట్ మట్టాన్ని ఫొటో తియ్యి. పక్కనే కిలోమీటర్ల మీటరుది కూడా ఒకటి తియ్యి. రెండూ నాకు పంపించు. నా దగ్గర పాత కేసు ఫైలులో ఖాళీ కాగితాలు ఇంకా ఉన్నాయి. తేదీలతో సహా నీ బండి లెక్క నేను రాసి ఉంచుతాను.

అల్లుడుగారికి మా ఆశీస్సులు, పాపకు ముద్దులు.

ఇట్లు,
మీ అమ్మ