అట్ట మీద ధర కనబడేలా వేయండి

సంపాదకులు గారికి,

నమస్కారం. వార, మాస పత్రికలు ఎందుకు తగ్గిపోతున్నాయో పోయిన ఆదివారం మీ పేపర్లో రాశారు. ఫోన్లు వచ్చాక జనం చదవడం మానేశారని తేల్చారు. ఫోన్ల దెబ్బ నాకూ తెలుసు. అనంతపురం ఆర్టీసీ బస్టాండు దగ్గర 1991 నుంచి పత్రికల అంగడి నడుపుతున్నాను. ఒకప్పుడు పొద్దున్నే మూడు కట్టలు విప్పేవాణ్ని, ఇప్పుడు అర కట్ట కూడా ఉండదు. కానీ మీ వ్యాసంలో అట్ట గురించి ఒక్క ముక్క లేదు. మా అంగడి ముందు నిలబడిన మనిషి కొనాలా వద్దా అని తేల్చుకునేది అట్ట చూసే.

అంగడిలో పత్రిక ఎవరికీ పూర్తిగా కనబడదు. కొన్నిటిని తాడుకు క్లిప్పులు పెట్టి వేలాడదీస్తాం, మిగతావి బల్ల మీద ఒకదాని మీద ఒకటి మెట్లు మెట్లుగా పేరుస్తాం. పై నుంచి నాలుగు వేళ్ల మేర మాత్రమే బయటికి ఉంటుంది. పేరు ఎప్పుడూ పైనే వేసేది అందుకే. ధర మాత్రం చాలామంది కింద మూలలో, బార్‌కోడ్ పక్కన చీమ తలకాయంత వేస్తున్నారు. దాని మీద ఇంకో పత్రిక కూర్చుంటుంది. ఇక ధర తెలిసేదెట్లా?

అడగొచ్చు కదా అంటారు. అడగరండీ. ధర అడిగి, ఎక్కువైతే పక్కన పెట్టేసి పోవడం మన దగ్గర నామోషీ. పది మంది చూస్తుంటారు, బస్సుకు టైం అవుతుంటుంది. అందుకే అట్ట చూసి ధర మనసులోనే ఊహించుకుంటారు. కాగితం దళసరిగా, నున్నగా, మెరుస్తూ ఉంటే ఎక్కువ ధర అనుకుంటారు. పల్చగా, బొమ్మ తెలిసినదైతే మనకు అందేదే అనుకుంటారు. ఆ ఊహ తప్పినా ఎవరూ వచ్చి చెప్పరు, మెల్లగా వెళ్లిపోతారు.

శింగనమల వైపు నుంచి ఒక రైతు ప్రతి నెలా మొదటి వారంలో వచ్చి ఒక వ్యవసాయ మాసపత్రిక తీసుకుపోయేవాడు. దాని అట్ట మీద వేళ్లతో సహా పీకిన శెనక్కాయ చెట్టో, మచ్చలు పడ్డ ఆకో దగ్గర నుంచి తీసిన ఫోటో ఉండేది. ఆయన దాన్ని కళ్ల దగ్గర పెట్టుకుని, “మా చేన్లో ఇదే వచ్చిండాది” అనేవాడు. తర్వాత ఆ పత్రిక అట్ట మార్చారు. దళసరి ఆర్ట్ పేపర్, పైన లామినేషన్, పచ్చటి పొలం మీద డ్రోన్, ఇస్త్రీ చొక్కాలో నవ్వుతున్న కుర్రాడు. ఆ నెల ఆయన వచ్చి పుస్తకం తీశాడు. బొటనవేలితో అట్టను రెండుసార్లు రుద్దాడు. “ఇంత నున్నగుండాది, ఇది కంపెనీవోళ్లదేమోలేప్పా” అని మళ్లీ బల్ల మీద పెట్టేశాడు. “లేదన్నా, నువ్వు కొనేదే. పాతిక రూపాయలే” అన్నాను. “యాభయ్యో అరవయ్యో అనుకుంటి” అని తీసుకున్నాడు. ధర పెరిగింది ఐదు రూపాయలే. అట్ట మాత్రం ఆయనకు అరవై రూపాయలదిగా కనబడింది.

ఎందుకు మార్చారని మాకు కట్టలు తెచ్చే మనిషిని అడిగాను. వెనక అట్ట, లోపలి అట్టలు ప్రకటనలకు అమ్ముతారు, కంపెనీలు కాగితం మెరవాలంటున్నాయి అన్నాడు. నిజమే, పత్రిక ధరతోనే ఖర్చు రాదు, ప్రకటనలు కావాలి. లోపలి పేజీలు న్యూస్‌ప్రింట్ మీద వేసినా అట్టను విడిగా మంచి కాగితం మీద వేసేదీ కొంత అందుకే. కానీ ముందు అట్ట కూడా ప్రకటన ఇచ్చేవాడి కోసమే వేస్తే కొనేవాడికి ఏం మిగిలింది? కొనేవాడే లేకపోతే ఆ ప్రకటనను చూసేదెవరు?

మరుసటి నెల నేను తెల్ల కాగితం ముక్క మీద ఎర్ర స్కెచ్‌పెన్‌తో ‘25 రూపాయలు’ అని రాసి క్లిప్పుకు తగిలించాను. అంతకుముందు నెల 15 కాపీల్లో 4 పోయాయి. ఆ నెల 11 పోయాయి. రెండు నెలలు అలాగే నడిచింది. తర్వాత ఆ పత్రిక తరఫు మనిషి ఒకతను వచ్చి, అట్ట అందం చెడిపోతోందని ఆ ముక్క పీకేశాడు. ఆ రోజు నాకు చాలా బాధ కలిగింది.

గ్రూప్స్‌కు, డీఎస్సీకి చదివే పిల్లలు కొనే పత్రికలు చూడండి. పసుపు మీద ఎరుపు, అట్ట నిండా అక్షరాలు. ఎన్ని బిట్లు ఉన్నాయో, ఏ పరీక్షకో, ధర ఎంతో దూరం నుంచే తెలుస్తుంది. చదువుకున్నవాళ్లు చూసి ముక్కు విరుస్తారు. నా మాటకొస్తే అంత మర్యాదైన అట్ట ఇంకోటి లేదు. రూముల్లో ఉండి లెక్క చూసుకుని ఖర్చుపెట్టే పిల్లకు, ఆ డబ్బుకు ఏం వస్తుందో ముందే చెబుతుంది.

ఆడవాళ్ల పత్రికలూ అంతే. మా వీధి వెనక కుట్టుమిషన్ పెట్టుకున్న అమ్మాయిలు ఇద్దరు ముగ్గురు అట్ట మీద జాకెట్ వీపు డిజైన్ ఉంటేనే కొనేవాళ్లు. ఇప్పుడు ముఖం ఒక్కటే పెద్దగా వేస్తున్నారు. జాకెట్ కనబడదు, వాళ్లూ రారు.

బొమ్మ బాగుండకూడదని నేను అనడం లేదు. మన కడప జిల్లా పొట్టిపాడులో పుట్టిన నాగిరెడ్డి గారు, చక్రపాణి గారితో కలిసి 1947 జులైలో చందమామ మొదలుపెట్టారు. నా చిన్నప్పుడు వడ్డాది పాపయ్య గారి బొమ్మతో చందమామ వస్తే అట్ట నలగకుండా పలక కింద పెట్టుకునేవాణ్ని. అంత గొప్ప బొమ్మ, అయినా అది మా పిల్లలదేనని చూడగానే తెలిసేది. ఇది పెద్దింటి పిల్లలది అని ఎప్పుడూ అనిపించలేదు.

పత్రికలు నడిపేవాళ్లు మీ పేపరు చదువుతారు కాబట్టి మీ ద్వారా అడుగుతున్నాను. ధరను పత్రిక పేరు పక్కనే, పైన, బొటనవేలి గోరంత అంకెల్లో వేయండి. మా బల్ల మీద బయటికి కనబడేది ఆ చోటే. అట్ట మార్చే ముందు ఒక్క రోజు ఏదైనా బస్టాండులో మాలాంటివాళ్ల అంగడి దగ్గర నిలబడి, ఎవరు తీస్తున్నారో, ఎవరు మళ్లీ పెట్టేస్తున్నారో చూడండి. మీ ఆదివారం అనుబంధం అట్ట వేసే ఆర్టిస్టు గారు వచ్చినా సంతోషమే, కుర్చీ వేస్తాను.

ఎర్ర స్కెచ్‌పెన్‌తో రాసిన ఆ ముక్క ఇంకా నా గల్లాపెట్టెలో ఉంది. కావాలంటే ఫోటో తీసి పంపుతాను.

ఇట్లు,
పత్రికల అంగడి యజమాని,
అనంతపురం