మా గోదావరి ఒడ్డు పిల్లల కథలకు దూరదర్శన్‌లో చోటివ్వండి: కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రిగారికి,

నమస్కారం. మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా, సిరొంచ తాలూకా నుంచి రాస్తున్నాను. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోటు మాది. అవతలి ఒడ్డున కాళేశ్వరం. మాకు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. అడవి వైపు ఊళ్ళకు వెళ్తే మాడియా గోండుల మాట వినిపిస్తుంది. జిల్లా కేంద్రం 200 కిలోమీటర్ల పైమాటే. రైలెక్కాలంటే చాలామందిమి మంచిర్యాల వెళ్తాం. నేను ఇక్కడ బడిలో పాఠాలు చెబుతాను. ఏటా గ్యాదరింగ్‌లో, అంటే బడి వార్షికోత్సవంలో, పిల్లలతో నాటకాలు వేయిస్తాను. పుణెలోని ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్, దూరదర్శన్, ఆకాశవాణి మూడూ మీ శాఖ కిందే ఉన్నాయి కాబట్టి ఈ లేఖ మీకే రాస్తున్నాను.

నేను అడిగేది ఎందుకు అడుగుతున్నానో తెలియాలంటే ముందు సయీ పరాంజపే గారి గురించి చెప్పాలి.

దేశంలో ఎక్కువమందికి ఆవిడ సినిమా దర్శకురాలు. 1980లో ‘స్పర్శ్’, 1981లో ‘చష్మే బద్దూర్’, ఆ తర్వాత ‘కథా’. కానీ ఆవిడ చేయి తిరిగింది రేడియోలో, టెలివిజన్‌లో. 1938లో పుట్టారు. తల్లి శకుంతలా పరాంజపే రచయిత్రి, కుటుంబ నియంత్రణ గురించి ఎవరూ నోరెత్తని రోజుల్లో ఊరూరా మాట్లాడిన మనిషి. తాతగారు కేంబ్రిడ్జిలో గణితంలో సీనియర్ రాంగ్లర్‌గా, అంటే మొదటి స్థానంలో, నిలిచిన ఆర్. పి. పరాంజపే. ఆ ఇంట్లో పెరిగిన పిల్ల రాసిన కథల పుస్తకం ఎనిమిదేళ్ళకే అచ్చయింది. పెద్దయ్యాక పుణె ఆకాశవాణిలో అనౌన్సర్‌గా చేరి పిల్లల కార్యక్రమాలు చేశారు. 1963లో నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో చదువు పూర్తిచేశారు. తర్వాత ఢిల్లీ టెలివిజన్‌లో ఏళ్ళ తరబడి తనే రాసి, తనే తీశారు. 1972లో ఆవిడ తీసిన ‘ద లిటిల్ టీ షాప్’కు ఆసియా స్థాయిలో బహుమతి వచ్చింది. అదే ఏడాది అక్టోబర్ 2న బొంబాయి దూరదర్శన్ మొదలైనప్పుడు ప్రారంభ కార్యక్రమం చేసే బాధ్యత కూడా ఆవిడకే ఇచ్చారు.

ఈ వరసలో నన్ను ఆకట్టుకునేది బహుమతులు కావు. పిల్లలకు కథ చెప్పడం దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్క మెట్టూ ఎక్కే వీలు ఆవిడకు దొరికింది. రేడియోలో గొంతుతో మనిషిని నిలబెట్టడం తెలిసింది. నాటకంలో నటులను నడిపించడం తెలిసింది. టెలివిజన్‌లో తక్కువ డబ్బుతో, నాలుగు గోడల మధ్య అరగంట కథ చెప్పడం తెలిసింది. ‘చష్మే బద్దూర్’కు మూలం కూడా అంతకుముందు ఆవిడ దూరదర్శన్‌కు చేసిన టెలీప్లేనే, అంటే టీవీ నాటకమే. గది అద్దె, సిగరెట్ అప్పు, ఇంటింటికీ తిరిగి బట్టల పౌడర్ అమ్మే అమ్మాయి, వీటితోనే సినిమా అంతా నడిచిపోతుంది. అందులో నవ్వులు పూయించే మనుషుల్లో ఎవరినీ ఆవిడ చిన్నచూపు చూడరు. అంత చనువుగా రాయడం రోజూ మామూలు మనుషుల కోసం కార్యక్రమాలు చేసిన చేతికే వస్తుందని నా నమ్మకం. సినిమాల్లో పేరొచ్చాక కూడా ఆవిడ టెలివిజన్‌ను వదల్లేదు. 1984లో ‘అడోస్ పడోస్’, మరుసటి ఏడాది ‘ఛోటే బడే’ సీరియళ్ళు చేశారు.

ఆవిడ ప్రతిభ ఆవిడదే. కానీ ఆ ప్రతిభకు మొదట పని చూపించింది ప్రభుత్వ రేడియో, ప్రభుత్వ టెలివిజన్. అలాంటి మొదటి మెట్టు మా పిల్లలకు లేదు.

మెట్టు లేదు గానీ సరుకు మాత్రం బోలెడంత ఉంది. వరికోతలయ్యాక మా జిల్లాలో నాటకాల కాలం మొదలవుతుంది. దీన్ని ఝాడీపట్టీ రంగస్థలం అంటారు. వడసా నుంచి నాటక మండళ్ళు బయలుదేరతాయి. ఏదైనా ఊళ్ళో పగలు శంకర్‌పట్, అంటే ఎడ్ల పందేలు, ఉంటే ఆ రాత్రికి నాటకం ఉన్నట్టే. తెల్లవారేదాకా ఆడతారు. పాటలు నటులే అక్కడికక్కడ పాడతారు, పక్కన హార్మోనియం, తబలా. చలికి దుప్పట్లు కప్పుకుని జనం కదలకుండా కూర్చుంటారు. ఈ రంగస్థలంలో జీవితమంతా గడిపిన గడ్చిరోలి కళాకారుడు పరశురామ్ ఖుణే గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. మాకందరికీ అది పండగ. మరోపక్క గోదావరి అవతలి నుంచి ఒగ్గుకథ, చిరుతల రామాయణం. అడవి ఊళ్ళలో రేలా పాటలు. మా పిల్లలు ఇవన్నీ చూస్తూ పెరుగుతున్నారు.

మా బడిలో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె గ్యాదరింగ్ కోసం నాటకం రాసింది. కాళేశ్వరం దగ్గర గోదావరి మీద వంతెన పడ్డాక పని పోయిన పడవ తాత కథ అది. తాత పడవ ఇంటి వెనక బోర్లా పడి ఉంటుంది. దాని కింద కోళ్ళు గుడ్లు పెడుతుంటాయి. కొడుకు అదే వంతెన మీద ఆటో తోలుతుంటాడు. తాత తెలుగులో తిడతాడు, కొడుకు ప్యాసింజర్లతో మరాఠీలో బేరమాడతాడు. మధ్యలో ఒగ్గుకథలోలాగా ఇద్దరు పిల్లలు కథ చెబుతూ, ‘వంతెన వద్దనాల్నా తాతా?’ అని అతన్నే అడుగుతారు. వంతెన వల్ల కాన్పుకు ఆసుపత్రి చేరిన కోడలు కూడా అందులో ఉంది. అందుకే తాత వెంటనే బదులు చెప్పలేడు. ఇలా రాయమని ఆ అమ్మాయికి ఎవరూ నేర్పలేదు. ఝాడీపట్టీ నాటకంలోంచి పాటతో మొదలుపెట్టడం తీసుకుంది, ఒగ్గుకథలోంచి కథకుణ్ణి తీసుకుంది, ఇంట్లోంచి తాతను తీసుకుంది. రాసిందీ తనే, రిహార్సల్‌లో అందరికీ నేర్పిందీ తనే.

ఆ నాటకాన్ని ఒక ప్రభుత్వ కార్యాలయం పిలిచిన చిన్న చిత్రాల పథకానికి పంపాం. దరఖాస్తులో భాష అనేచోట ఒకటే రాయాలన్నారు. మరాఠీ అని రాస్తే తాత మాటలు మరాఠీలోకి మార్చమన్నారు. తెలుగు అందామంటే, ఆ రాష్ట్రం మీది కాదు కదా అన్నారు. అమ్మాయి తాత మాటలు మార్చడానికి ఒప్పుకోలేదు. నేనూ మార్చమని చెప్పలేదు. దరఖాస్తు అక్కడే ఆగిపోయింది.

మంత్రిగారూ, ఇది మా ఒక్క ఊరి బాధ కాదు. రాజురాలో, కిన్వట్‌లో, దెగ్లూర్‌లో, ధర్మాబాద్‌లో తెలుగు మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. రాజురా ప్రాంతం 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోదే. ఇక్కడి జీవితం మరాఠీ ఛానల్ దూరదర్శన్ సహ్యాద్రిలో సగం పరాయిది, తెలుగు ఛానల్ దూరదర్శన్ యాదగిరిలో ఇంకో సగం పరాయిది. రెండు ఛానళ్ళూ మీవే. మా కథలు మాత్రం రెండింటి మధ్యా పడిపోతున్నాయి.

ఊరివాళ్ళ మాటలో, ఊరివాళ్ళతో టెలివిజన్ కార్యక్రమాలు చేయడం మన దేశానికి కొత్త కాదు. 1975లో గుజరాత్ ఖేడా జిల్లాలో ఇస్రో వాళ్ళు పీజ్ అనే ఊళ్ళో చిన్న ట్రాన్స్‌మిటర్ పెట్టారు. అక్కడి యాసలోనే, అక్కడి మనుషులతోనే, కూలి రేట్ల మీద, కులవివక్ష మీద కార్యక్రమాలూ సీరియళ్ళూ తీశారు. 1984లో దానికి యునెస్కో బహుమతి వచ్చింది. యాభై ఏళ్ళ కింద, ఇంత టెక్నాలజీ లేనప్పుడు చేసి చూపించిన పని అది. ఇప్పుడు మా పిల్లల ఇళ్ళలో కెమెరా ఉన్న ఫోన్ ఉంది. లేనిదల్లా నేర్పే మనిషి, చూపించే చోటు.

అందుకని నేను అడిగేది ఇది. పుణె ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు దేశంలో వేర్వేరు ఊళ్ళలో పొట్టి కోర్సులు నడుపుతున్నారు. ఏటా ఒకటి, స్క్రిప్టు రాయడం, దర్శకత్వం రెండూ కలిపి, సిరొంచలోనో అహేరిలోనో పెట్టించండి. మరాఠీ, తెలుగు రెండూ వచ్చిన వాళ్ళను, కుదిరితే ఝాడీపట్టీలో పండిన నటులను కూడా పాఠం చెప్పడానికి పిలవండి. ఫీజు మా పిల్లలు కట్టగలిగేంత ఉండాలి. అక్కడ తయారైన అరగంట చిత్రాలను సహ్యాద్రిలోనూ యాదగిరిలోనూ, మాటలు మార్చకుండా, కింద అక్షరాలు వేసి ప్రసారం చేయించండి. దరఖాస్తుల్లో భాష అనేచోట ఒకటికి మించి రాసే వీలు కల్పించండి. దీనికి డబ్బు కూడా అక్కర్లేదు, ఒక్క ఉత్తర్వు చాలు.

ఇంకో మాట. సయీ పరాంజపే గారి పాత టెలీప్లేలు, సీరియళ్ళు దూరదర్శన్ భాండాగారంలో ఎన్ని మిగిలాయో వెతికించి, 2024 నవంబర్‌లో ప్రసార భారతి మొదలుపెట్టిన ‘వేవ్స్’ ఓటీటీలో పెట్టించండి. పెద్ద సినిమా చూస్తే పిల్లలు మురిసిపోతారు గానీ, ఇది మన వల్ల అవుతుందా అని జంకుతారు. రెండు గదుల్లో, నలుగురు నటులతో తీసినదాన్ని చూస్తే, మనమూ చేద్దాం అంటారు. వాళ్ళకు పాఠ్యపుస్తకం అదే.

కోర్సుకు మా బడి హాలు ఇస్తామని ఊరి పెద్దలు మాటిచ్చారు. వచ్చేవాళ్ళకు భోజనం, బస మేమే చూసుకుంటాం. వానాకాలంలో వాగులు పొంగితే మా దారులు ఆగిపోతాయి కనుక, కోతలయ్యాక డిసెంబర్‌లో పెడితే అందరికీ వీలు. అప్పుడైతే సాయంత్రాలు పిల్లలను నాటకాలకు తీసుకెళ్ళి, మర్నాడు వాటి మీదే పాఠం చెప్పుకోవచ్చు. మీ శాఖ నుంచి ఎవరైనా వచ్చి చూస్తామంటే, ఆ అమ్మాయి నాటకాన్ని మళ్ళీ వేసి చూపిస్తాం.

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,

ఒక బడి పంతులు
సిరొంచ, గడ్చిరోలి జిల్లా