ఇల్లు చూడకుండా ఏసీ బిగించి వెళ్ళిపోవడంపై ఫిర్యాదు

విజయవాడ,
మే నెల.

కస్టమర్ సర్వీస్ విభాగం అధికారి గారికి,

విషయం: స్ప్లిట్ ఏసీ బిగింపులో లోపాలు, పని కాకుండానే నా ఫిర్యాదును మూసివేయడం.

ఆర్యా,

మీ కంపెనీ 1.5 టన్నుల ఇన్వర్టర్ ఏసీని ఏప్రిల్‌లో మా నాన్నగారి గది కోసం కొన్నాను. ఏసీ మీద నాకు ఫిర్యాదు లేదు. స్టార్ లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లు కాలుతుందో చూసుకుని, రాగి కాయిల్ ఉన్నదే కావాలని అడిగి తీసుకున్నాను. నా ఫిర్యాదు దాన్ని బిగించిన తీరు మీద, ఆ తర్వాత మీవాళ్ళు బాధ్యత తప్పించుకుంటున్న తీరు మీద.

మాది సత్యనారాయణపురంలో పాత డాబా. నాన్నగారి గది మేడ మీద ఉంది. పడమటి ఎండ నేరుగా గోడకి కొడుతుంది, నెత్తిన స్లాబు. పగలంతా కాగిన స్లాబు అర్ధరాత్రి దాటినా వేడి వదులుతూనే ఉంటుంది. గది చిన్నదే అయినా ఒక టన్ను చాలదని షోరూంలో చెప్పారు, నాకూ సబబే అనిపించింది. అయితే ఆ రోజే నేను వాళ్ళకి స్పష్టంగా చెప్పాను: ఇల్లు పాతది, వైరింగ్ పాతది, గోడలు సున్నంతో కట్టినవి, బిగించే ముందు ఎవరినైనా పంపి చూపించండి అని. "మా టెక్నీషియన్లు వచ్చినప్పుడు చూసుకుంటారు మేడమ్, టెన్షన్ పడకండి" అన్నారు. చూడడానికి ఎవరూ రాలేదు. నేరుగా బిగించడానికే వచ్చారు.

వచ్చిన ఇద్దరి దగ్గర వాక్యూమ్ పంపు లేదు. పైపులు కలిపాక లోపల ఉన్న గాలిని, తేమని పంపుతో పూర్తిగా లాగేసి, ఆ తర్వాతే గ్యాస్ వాల్వు తెరవాలి. మీ మాన్యువల్‌లోనూ అదే రాసి ఉంది. వాళ్ళు చేసిందేమిటంటే, వాల్వు కొద్దిగా తెరిచి, ఏసీలో ఉన్న గ్యాస్‌తోనే పైపులోని గాలిని బయటికి తోసి, నట్టు బిగించేశారు. పంపు ఏదని అడిగితే "అందరిళ్ళలో ఇలాగే చేస్తామండీ" అన్నారు. ఇది ఆర్32 గ్యాస్. మంటకి అంటుకునే గుణం కొంత ఉన్నదని మీరే అవుట్‌డోర్ యూనిట్ మీద హెచ్చరిక అంటించారు. అలాంటి గ్యాస్‌ని ఒక పెద్దాయన పడుకునే గది పక్కనే వదిలారు. పైపులో తేమ మిగిలిపోతే కంప్రెసర్ నూనె పాడవుతుంది. ఆ నష్టం ఇప్పుడు కనపడదు, వారంటీ అయ్యాక బయటపడుతుంది. నన్ను అన్నిటికంటే బాధపెట్టింది ఇదే.

గోడకి వేసిన రంధ్రం ఇంకో సమస్య. అది బయటివైపు కిందికి వాలుగా ఉండాలి. వీళ్ళు ఎదురు వాలుగా తొలిచారు. సుత్తి, ఉలితో కొట్టడం వల్ల చుట్టూ పెచ్చులు కూడా ఊడాయి. డ్రెయిన్ పైపులో నీళ్ళు బయటికి పోకుండా వెనక్కి వచ్చి గోడ వెంట కారుతున్నాయి. సున్నం గోడకి చెమ్మ పడితే ఏమవుతుందో మీకు చెప్పనక్కర్లేదు. నాన్నగారి మంచం జరిపి, కింద బకెట్ పెట్టుకుంటున్నాం.

ఇక కరెంటు సంగతి. మీటర్ దగ్గర నుంచి ఏసీకి విడిగా లైను, ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్) కావాలని ముందే చెప్పి ఉంటే మా ఎలక్ట్రీషియన్‌తో వేయించుకునేవాళ్ళం. వాళ్ళు గదిలో ఉన్న పాత సాకెట్‌కే ప్లగ్ పెట్టేసి వెళ్ళారు. తర్వాత మా ఎలక్ట్రీషియన్ వచ్చి చూస్తే ఆ సాకెట్‌కి ఎర్త్ లేదని తేలింది. లైను మా ఖర్చుతోనే వేయించుకున్నాం, ఆ డబ్బు మిమ్మల్ని అడగడం లేదు. కానీ ఎర్త్ ఉందో లేదో చూడకుండా ఏసీ ఆన్ చేసి వెళ్ళడం ప్రాణాల మీదికి తెచ్చే పని.

గది చల్లబడిందా లేదా అని చూడకముందే ఓటీపీ అడిగారు. "ఓటీపీ చెబితేనే మాకు ఈ కాల్ క్లోజ్ అవుతుంది" అని గుమ్మంలో నిలబడ్డారు. వారం తిరగకుండానే చల్లదనం తగ్గింది, లోపలి కాయిల్ మీద మంచు పేరుకోవడం మొదలైంది. ఫిర్యాదు చేస్తే వచ్చిన టెక్నీషియన్ పైపుని యూనిట్‌కి కలిపే ఫ్లేర్ నట్టు దగ్గర నూనె మరక చూపించి, గ్యాస్ లీకైందని చెప్పాడు. అంతవరకు నిజాయితీగానే చెప్పాడు. కానీ బిగింపులో వచ్చిన లీకు వారంటీ కిందికి రాదని, గ్యాస్ నింపడానికి 3,200 రూపాయలు అవుతుందని అన్నాడు. బిగించింది మీరు పంపిన మనుషులే. వాళ్ళు వదులుగా బిగించిన నట్టుకి నేనెందుకు డబ్బు కట్టాలి? కట్టనన్నాను. ఆ సాయంత్రమే యాప్‌లో నా ఫిర్యాదు "పరిష్కరించబడింది" అని వచ్చింది. మళ్ళీ పెట్టినదాన్ని ఎవరూ ఇంటికి రాకుండానే మూసేశారు.

బిల్లులోనూ తేడా ఉంది. ఏసీతో 3 మీటర్ల రాగి పైపు ఉచితం. అదనంగా 4 మీటర్లు వాడామని తెల్లకాగితం మీద రాసి డబ్బు తీసుకున్నారు. టేపు పెట్టి కొలిస్తే మొత్తం పైపు 5 మీటర్లే. అంటే అదనం 2 మీటర్లు.

నేను కోరేది ఇది. లీకు ఉన్న చోట ఫ్లేర్ (నట్టులో కూర్చునేలా వెడల్పు చేసే పైపు చివర) కొత్తగా చేసి, లీకు లేదని నైట్రోజన్‌తో ప్రెషర్ టెస్ట్ చేసి, వాక్యూమ్ పట్టి, నేమ్‌ప్లేట్ మీద ఉన్న బరువు ప్రకారం గ్యాస్ తూచి నింపాలి. ఇదంతా ఉచితంగా. లీకు ఆపకుండా పైపైన గ్యాస్ కొట్టి వెళ్తామంటే ఒప్పుకోను. రంధ్రం, డ్రెయిన్ వాలు సరిచేయాలి. గోడ మరమ్మతు ఖర్చు, ఎక్కువ తీసుకున్న 2 మీటర్ల పైపు డబ్బు తిరిగివ్వాలి. మొదటి బిగింపు సరిగా జరగలేదని, దాని వల్ల కంప్రెసర్‌కి ఏ నష్టం వచ్చినా వారంటీ వర్తిస్తుందని మీ లెటర్‌హెడ్ మీద రాసివ్వాలి.

15 రోజుల్లోగా ఇవి జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను ఉంటున్న ఊళ్ళోనే కేసు వేయవచ్చు, ఇంత చిన్న మొత్తానికి ఫీజు కూడా లేదు. అంతదాకా వెళ్ళాలని నాకు లేదు. రోహిణి కార్తె రాకముందే నాన్నగారి గది చల్లబడాలి, నాకు కావలసింది అదే.

ఇన్వాయిస్, తెల్లకాగితం రసీదు, నూనె మరక, చెమ్మ పట్టిన గోడ ఫొటోలు, యాప్‌లో మూసేసిన ఫిర్యాదుల స్క్రీన్‌షాట్లు జత చేశాను. నా ఫోన్ నంబరు ఇన్వాయిస్ మీదే ఉంది. ఈసారి వచ్చేవాళ్ళని వాక్యూమ్ పంపు, గేజీలు, తూకం తీసుకుని ఉదయం పది లోపు రమ్మనండి. తర్వాత మేడ మీద నిలబడి పని చేయడం ఎవరికైనా కష్టమే.

ఇట్లు,
మీ వినియోగదారు
(సంతకం)