మందు మొదలుపెట్టిన తేదీ మా దగ్గర లేదు

సంపాదకులకు,

అయ్యా,

కుంగుబాటు గురించి పత్రికల్లో వచ్చే వ్యాసాలు చాలావరకు ‘ఆలస్యం చేయకుండా మానసిక వైద్యులను సంప్రదించండి’ అన్న మాటతో ముగుస్తాయి. అందులో తప్పేమీ లేదు గానీ, మా ఇంట్లో అసలు తిప్పలు ఆ మాట పాటించాకే మొదలయ్యాయి. మా అమ్మాయికి ఇప్పుడు 28 ఏళ్లు, హైదరాబాద్‌లో ఉద్యోగం. ఆమెకు సరైన వైద్యం కుదరడానికి ఏడాదిన్నర పట్టింది. ఆ ఏడాదిన్నరా మేము ఆస్పత్రి గడప తొక్కకుండా కూర్చోలేదు. ఊరి డాక్టరు గారు కాక ముగ్గురు మానసిక వైద్యుల దగ్గరికి తిరిగాము. అయినా అంత కాలం ఎందుకు పట్టిందో చెబితే మరో ఇంటికైనా పనికొస్తుందని రాస్తున్నాను.

సంక్రాంతికి ఇంటికి వచ్చిన పిల్ల నాలుగు రోజులూ మంచం దిగలేదు. పండక్కని తనే తెప్పించుకున్న చీర కొరియర్ కవరులోంచి బయటికి రాలేదు. వాళ్లమ్మ ఇచ్చిన కాఫీ ప్రతి పూటా మీగడ కట్టి కిటికీలోనే ఉండేది. దిష్టి తగిలిందని ఒకరు, పెళ్లి చేస్తే అన్నీ సర్దుకుంటాయని పదిమంది అన్నారు. నేనూ తక్కువ తినలేదు, ‘నీకేం తక్కువైందమ్మా, మనసు గట్టి చేసుకో’ అన్నాను. జ్వరం వచ్చినవాణ్ని ఒళ్లు చల్లబరుచుకోమన్నట్టు ఉందని ఆ మాట గురించి ఇప్పుడు అనిపిస్తుంది. మా ఊరి డాక్టరు గారు నిద్ర పట్టడానికి ఆల్ప్రజోలామ్ రాశారు. నిద్ర పట్టింది, దిగులు అలాగే ఉంది. అది అలవాటు పడే మందనీ, కుంగుబాటుకు అసలు వైద్యం కాదనీ తర్వాత తెలిసింది.

ఆపైన హైదరాబాద్‌లో ఒక మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లాము. ఎస్సిటాలోప్రామ్ అనే కుంగుబాటు మందు 10 మిల్లీగ్రాములు రాశారు, నెల తర్వాత రమ్మన్నారు. మూడో రోజు నుంచే అమ్మాయికి కడుపులో వికారం మొదలైంది, మనసుకు మాత్రం ఏ తేడా తెలియలేదు. ఎవరికీ చెప్పకుండా మానేసింది. చాలా రోజులకు ఆమె సంచిలో చీటీ వెతుకుతుంటే, పది మాత్రల స్ట్రిప్పులో ఇంకా మూడు మిగిలి కనిపించాయి. ‘ఆయన మందు పనిచేయలేదు’ అని తీర్మానించేసి, హస్తవాసి మంచిదని ఎవరో చెప్పగా ఇంకొకరి దగ్గరికి మారాము. అక్కడా దాదాపు ఇదే కథ నడిచింది.

మూడోసారి చూసిన డాక్టరమ్మ మందు రాసే ముందు ఒక ప్రశ్న అడిగారు: ‘ఇంతకుముందు ఏ మందు, ఎంత మోతాదులో, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు వాడారు?’ మా ముగ్గురికీ నోట మాట రాలేదు. ట్రెజరీలో 31 ఏళ్లు పనిచేసి, ఓచరు లేని బిల్లు ఒక్కటి కూడా పాస్ చేయని నా దగ్గర, కన్నకూతురి మాత్రల లెక్క లేదు.

ఆ ప్రశ్న ఎంత విలువైనదో ఆవిడే విడమరిచి చెప్పారు. ఈ రకం మందులు గుణం చూపడానికి రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తి ప్రయోజనం తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. వికారం, తలనొప్పి వంటివి మాత్రం మొదటి వారంలోనే వచ్చి, చాలామందిలో కొద్ది రోజులకు తగ్గిపోతాయి. అంటే ఇబ్బంది ముందు వచ్చి మేలు వెనక వస్తుంది కాబట్టి, ఆ మధ్య రోజుల్లోనే చాలామంది మానేస్తారు. సరైన మోతాదులో తగినన్ని వారాలు వాడిన తర్వాతే మందు పనిచేయలేదని అనాలి. అలా వాడినా, మొదటి మందుతో పూర్తిగా కోలుకునేవారు ముగ్గురిలో ఒకరే అని అమెరికాలో వేల మందితో జరిపి 2006లో ఫలితాలు ప్రకటించిన స్టార్‌-డి పరిశోధనలో తేలిందట. మిగతా ఇద్దరికీ మోతాదు పెంచడమో, మందు మార్చడమో, మాటల చికిత్స జోడించడమో చేయాలి. ఈ సంగతి మొదటి రోజే ఎవరైనా చెప్పి ఉంటే, మొదటి మందు కుదరనప్పుడు ఇక తనకు వైద్యమే లేదని మా అమ్మాయి అనుకునేది కాదు.

ఆవిడ థైరాయిడ్ పరీక్ష చేయించారు, ఎందుకంటే ఆ లోపం కూడా కుంగుబాటులాగే కనిపించవచ్చు. మీ వంశంలో ఎవరికైనా మానసిక జబ్బు ఉందా అని అడిగారు. అంతకుముందు ఇద్దరు అడిగినప్పుడూ నేను లేదని బొంకాను. నిజానికి మా బాబాయి కొన్ని నెలలు మూల కూర్చుని, మరికొన్ని నెలలు రాత్రింబవళ్లు నిద్ర లేకుండా ఊరంతా అప్పులు చేసి పంచిపెట్టేవాడు. పెళ్లి సంబంధాలు చెడతాయని ఇంట్లో ఆ పేరు ఎత్తం. ఉద్రేకం, కుంగుబాటు మార్చి మార్చి వచ్చే జబ్బు వేరనీ, అందులో కుంగుబాటు మందు ఒక్కటే ఇస్తే పరిస్థితి ముదరవచ్చనీ విన్నాక, నా అబద్ధం ఎంత పని చేసేదో అర్థమైంది. అదృష్టవశాత్తు మా అమ్మాయిది ఆ జబ్బు కాదు.

ఇక పెరిగిన పిల్లల విషయంలో తల్లిదండ్రుల హద్దు. డాక్టరమ్మ నన్ను బయట కూర్చోమన్నప్పుడు నాకు కోపం వచ్చింది; ఫీజు కట్టింది నేనే కదా. అయితే 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం తన వివరాల గోప్యత రోగి హక్కు. నాలుగో వారం అమ్మాయే తలుపు తీసి ‘నాన్నా, నువ్వూ రా’ అంది. అప్పటి నుంచి నాకు దక్కిన ఉద్యోగం గుమాస్తాగిరీ. ఒక నోటు పుస్తకంలో మందు పేరు, మోతాదు, మొదలుపెట్టిన తేదీ, నిద్ర ఎన్ని గంటలు అన్నవి రాసేవాణ్ని. కుంగుబాటు ఎంత తీవ్రంగా ఉందో కొలిచే తొమ్మిది ప్రశ్నల పీహెచ్‌క్యూ కాగితం రెండు వారాలకోసారి ఆమే నింపేది. 27కి 21తో మొదలైన లెక్క మూడు నెలలకు 8కి దిగింది. ‘చచ్చిపోవాలని అనిపిస్తోందా తల్లీ’ అని నేరుగా అడగమని డాక్టరమ్మే చెప్పారు. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదట. అడగడానికి నాకు రెండు రోజులు పట్టింది. మందు మొదలుపెట్టిన తొలి వారాల్లో, ముఖ్యంగా 25 ఏళ్ల లోపు పిల్లలను, మరింత కనిపెట్టుకుని ఉండాలని కూడా చెప్పారు. తేరుకున్న తర్వాత కనీసం ఆరు నెలలు మందు కొనసాగించాలి, ఆపేటప్పుడు డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించాలి.

ఖర్చు సంగతి చెప్పకుండా ఉండలేను. శరీర రోగాలతో సమానంగా మానసిక రోగాలకూ బీమా ఇవ్వాలని అదే చట్టం 21వ సెక్షన్ చెబుతోంది. అయితే చాలా పాలసీలు ఆస్పత్రిలో చేరితేనే డబ్బు ఇస్తాయి, కుంగుబాటు రోగుల్లో అత్యధికులకు చేరే అవసరమే రాదు. వారం వారం మాటల చికిత్సకు అయ్యే ఫీజు పింఛనుదారుడికి చిన్న మొత్తం కాదు. తీవ్ర కుంగుబాటు ఉన్నవారిలో నూటికి 85 మందికి చికిత్స అందడం లేదని బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో జరిపిన జాతీయ సర్వే లెక్కగట్టింది. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో మన రెండు రాష్ట్రాలూ లేవు, కాబట్టి మన లెక్క అందులో తేలలేదు.

వైద్యులకు నాదొక విన్నపం. మందుల చీటీ మీద తెలుగులో మరొక్క వాక్యం రాయండి: ‘ఫలానా తేదీ వరకు మానకుండా వాడండి, అప్పటికీ గుణం కనిపించకపోతే రండి, మారుద్దాం’ అని. మీ పత్రికకు మరొకటి. 2022 అక్టోబరులో ప్రారంభమైన ప్రభుత్వ మానసిక సహాయ ఫోన్ సేవ టెలీమానస్ 14416 నంబరు ఆత్మహత్య వార్తల అడుగున మాత్రమే కనిపిస్తోంది. తెలుగులోనూ ఉచితంగా, రాత్రీపగలూ పలికే ఆ నంబరుకు రోగులే కాదు, ఇంట్లోవాళ్లు కూడా చేయవచ్చు. దాన్ని వాతావరణ వివరాల పక్కన రోజూ వేయగలరా?

ఈ ఉత్తరం మా అమ్మాయి చదివి, రెండు వాక్యాలు కొట్టేసి, మిగతాది పంపమంది. దయచేసి పేరు ప్రచురించవద్దు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉద్యోగి,
గుంటూరు జిల్లా