మాట మార్చడానికీ ఒక నియమం పెట్టండి: కేంద్ర బ్యాంకుల గవర్నర్లకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన గవర్నర్లకు నమస్కారం.

ద్రవ్యోల్బణాన్ని 2 శాతం దగ్గర ఉంచుతామని మీలో చాలామంది మాట ఇచ్చారు. దాన్ని నమ్మే కార్మికులు జీతాల ఒప్పందాలు చేసుకుంటారు, బ్యాంకులు ఏళ్ల తరబడి తీరే అప్పులిస్తాయి. వాళ్లు సంతకాలు పెట్టేశాక మీకు అసలు పరీక్ష మొదలవుతుంది. ఇప్పుడు కాస్త వడ్డీ తగ్గిస్తే ఉద్యోగాలు పెరుగుతాయి కదా అనిపిస్తుంది. 1977లో ఆర్థికవేత్తలు కిడ్లాండ్, ప్రెస్కాట్ ఎత్తిచూపిన చిక్కు ఇదే. ఏ రోజుకారోజు మంచిదనిపించిన పని చేస్తూ పోతే జనం ముందే పసిగట్టి, రాబోయే ధరల పెంపును జీతాల్లో కలిపి అడుగుతారు. చివరికి ద్రవ్యోల్బణం మిగులుతుంది, అదనపు ఉద్యోగాలు రావు.

పోయిన నమ్మకం తిరిగి రావాలంటే ఎంత ఖర్చవుతుందో అమెరికాకు తెలుసు. 1979లో అక్కడి కేంద్ర బ్యాంకు ఫెడ్‌కు అధిపతిగా వోల్కర్ వచ్చాక వడ్డీ రేట్లు 20 శాతం దాకా వెళ్లాయి. 1982 చివర్లో నిరుద్యోగం 10.8 శాతానికి చేరింది. అంతకుముందు ఎవరో చేసిన ఉదాసీనతకు మూల్యం ఉద్యోగాలు పోయినవాళ్లు చెల్లించారు. నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే.

అలాగని నిర్ణయాలన్నీ ఒక సూత్రానికి అప్పగించమనడం లేదు. ద్రవ్యోల్బణం ఒక శాతం పెరిగితే వడ్డీ ఒకటిన్నర శాతం పెరగాలనే 1993 నాటి టేలర్ సూత్రం మంచి కొలబద్ద. కానీ అందులో వాడే తటస్థ వడ్డీ రేటును, అంటే ఆర్థిక వ్యవస్థను ఉరకలెత్తించకుండా, వెనక్కి లాగకుండా ఉండే రేటును, ఎవరూ నేరుగా కొలవలేరు, అంచనా వేయాల్సిందే.

పట్టువిడుపులు ఉండాలి, వాటికి హద్దులు ముందే తెలియాలి. 2020లో అమెరికా ఫెడ్ ద్రవ్యోల్బణాన్ని సగటున 2 శాతం దగ్గర ఉంచుతానంది. ఎన్నేళ్ల సగటో చెప్పలేదు. 2022 జూన్‌లో ద్రవ్యోల్బణం 9.1 శాతం తాకినప్పుడు ఆ మాటతో ఫెడ్‌ను నిలదీసే దారే లేదు. 2025లో ఆ పద్ధతినే వదిలేశారు. కెనడా మాత్రం తన లక్ష్యాన్ని ఐదేళ్లకోసారి, ముందే తెలిసిన గడువులో సమీక్షిస్తుంది. బ్రిటన్‌లో లక్ష్యం ఒక శాతానికి మించి తప్పితే గవర్నర్ ఆర్థిక మంత్రికి బహిరంగంగా ఉత్తరం రాయాలి.

ఈ రెండింటినీ మీ చట్టాల్లోకి తెచ్చేలా పట్టుబట్టండి. లక్ష్యం తప్పిన ఏడాదిలో లక్ష్యాన్ని మార్చకండి. ఎందుకు తప్పిందో, ఎప్పటికి తిరిగి వస్తుందో, అప్పటిదాకా వడ్డీ దారి ఎలా ఉంటుందో మామూలు భాషలో రాసి అదే వారం అందరి ముందు పెట్టండి.

ఇట్లు,
ఒక ఆర్థికశాస్త్ర పాఠకుడు