కందిరీగల గూట్లోనూ పెత్తనం గొడవలున్నాయి

సంపాదకులు గారికి నమస్కారం.

జంతువులు కలిసిమెలిసి బతుకుతాయి, మనుషులమే కొట్టుకుంటామని మీ ఆదివారం అనుబంధంలో చదివాక రాయకుండా ఉండలేకపోయాను. గుంపుగా బతికే ఏ ప్రాణికైనా గొడవలు తప్పవండీ.

చూరు కింద కాగితంలాంటి గూడు కట్టే కందిరీగల్నే చూడండి. వీటిలో రోపాలిడియా మార్జినేటా అనే జాతిని బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో రాఘవేంద్ర గడగ్కర్ గారు, ఆయన శిష్యులు దశాబ్దాల పాటు ఒక్కో ఈగకీ రంగు చుక్క పెట్టి మరీ గమనించారు. గూట్లో గుడ్లు పెట్టేది ఒక్క రాణే, మిగతా ఆడ ఈగలు వేరే వెళ్లి సొంత గూడు కట్టుకోగలిగినా చాలావరకు అక్కడే ఉండి దాని పిల్లల్ని మేపుతాయి, ఎందుకంటే ఒంటరి తల్లి మధ్యలో చచ్చిపోతే దాని పిల్లలన్నీ పోయినట్టే, గుంపులో అయితే ఇంకోటి పెంచుతుంది.

నాకు బాగా నచ్చింది ఆ రాణి సంగతి. అది చాలా మెతకది! దాని ఒంట్లోంచి వచ్చే రసాయనమే అది ఉందని మిగతావాటికి తెలియజేస్తుంది. దాన్ని గూట్లోంచి తీసేశారనుకోండి, వెంటనే ఒక ఈగ విపరీతమైన దూకుడుతో మిగతావాటి మీద పడుతుంది. అవి పోటీకి రావు. వారం రోజులకి గుడ్లు పెట్టడం మొదలెట్టి, తర్వాత అదీ మెత్తబడుతుంది.

మా వీధిలో ఈ గూళ్లు కనిపిస్తే చాలు కిరోసిన్ పోసి కాల్చేస్తున్నారు, చూస్తే ప్రాణం ఉసూరుమంటోంది. మనుషులు తిరగని మూలల్లో ఉన్నవాటినైనా వదిలేయమని దయచేసి మీ పేపర్లో రాయండి.

ఇట్లు,
ఒక జువాలజీ టీచర్, ఒంగోలు