సైలెన్సర్లు తొక్కించడం సరే, బిగించేవాళ్ల సంగతేంటి?

సంపాదకులకు నమస్కారం.

మార్చిన సైలెన్సర్లను పోలీసులు రోడ్డు మీద వరసగా పరిచి రోలరుతో తొక్కించే ఫొటో అప్పుడప్పుడూ పేపర్లో కనబడుతుంటుంది. కుర్రాళ్ల బుల్లెట్ బండ్ల గోలకు నిద్ర పాడు చేసుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి కాబట్టి, ఆ ఫొటో చూసినప్పుడల్లా మంచి పని చేశారనుకునేవాణ్ణి. మొన్న చలికాలంలో ఆ గోల చేసే బండి నాదే అయింది. బుల్లెట్ కాదు, పాత పికప్. అందుకే ఈ ఉత్తరం.

నాది 2011 మోడల్ డీజిల్ బండి. భీమవరం చుట్టుపక్కల చెరువుల నుంచి రొయ్యలు ప్లాంట్లకు తోలుతుంటాను. చెరువుల్లో రొయ్యల పట్టుబడి ఎక్కువగా తెల్లవారుజామునే ఉంటుంది, ఎండెక్కేలోపు సరుకు ఐసులో పడాలి. క్రేట్లలోంచి ఐసునీళ్లు, చెరువు ఉప్పునీళ్లు కలిసి దారి పొడుగునా ట్రాలీ కిందికి కారుతూనే ఉంటాయి. కిందనేమో కాలుతున్న సైలెన్సరు. వేడి ఇనుము మీద ఉప్పునీళ్లు పడితే ఏమవుతుందో ఆక్వా బండ్ల వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. లోపలి నుంచి ఇంకో చెద ఉంది. డీజిల్ మండినప్పుడు పొగతో పాటు నీటి ఆవిరీ వస్తుంది. నాలుగు కిలోమీటర్లు తోలి ఆపేస్తే సైలెన్సరు పూర్తిగా వేడెక్కక, ఆ ఆవిరి నీరై అడుగున నిలబడిపోతుంది. ఇటూ అటూ తుప్పు తినేసి, డిసెంబరులో ఒకరోజు గతుకులో పడగానే నా సైలెన్సరు తెగి రోడ్డును గీరుకుంటూ వచ్చింది.

కొత్తది కావాలంటే పాత మోడల్ కాబట్టి ఆర్డరు పెట్టాలన్నారు, పది రోజులన్నారు. సీజన్లో పది రోజులు బండి పక్కన పెడితే ఇల్లు గడవదు. దగ్గర్లోని వెల్డింగ్ షాపుకి పట్టుకెళ్లాను. పేరు అనవసరం, అలాంటి షాపులు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. ఆ కుర్రాడు కిందికి దూరి చూసి, "వెనకదాకా ఎందుకండీ, డోరు దాటాక ఎడమపక్కకి తీసేద్దాం. నాలుగడుగుల పైపు మిగులుతుంది, ఉప్పునీళ్ల బాధా ఉండదు" అన్నాడు. నాకూ సబబుగానే తోచింది. రెండు గంటల్లో పని అయిపోయింది, 2,800 తీసుకున్నాడు. "పికప్ కూడా పెరుగుతుంది చూడండి" అని ఒక మాట కలిపాడు.

పికప్, అంటే బండి లాగుడు, ఏమీ పెరగలేదు. పెరిగిందల్లా చప్పుడు. మర్నాడు మూడున్నరకి బండి తీస్తే వీధి వీధంతా లేచింది. ఎదురింటి మామ్మగారు రెండు రోజులు ఓర్చుకుని, మూడో రోజు సాయంత్రం గుమ్మంలో ఆపి, "ఏరా అబ్బాయ్, నీ బండి సందు మొదట్లో ఉండగానే మా మునిమనవడు ఉలిక్కిపడి లేస్తున్నాడు, ఏం చేయమంటావు?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఇళ్లుండే చోట రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. ఆ పైపుతో నా బండి ఇంజన్ ఊరికే ఆన్‌లో ఉన్నా ఆ గీత దాటేసి ఉంటుంది.

అసలు సిగ్గేసింది మాత్రం బస్టాపు దగ్గర. లోడుతో నెమ్మదిగా ఎడమకు ఒత్తుకుని వెళుతున్నాను. కాలేజీ బస్సు కోసం నిలబడ్డ ఆడపిల్లలు చున్నీలు ముక్కులకు అడ్డం పెట్టుకుని ఒక్కసారిగా వెనక్కి జరగడం సైడ్ అద్దంలో కనబడింది. పొగ సరాసరి వాళ్ల కాళ్ల మీదికే పోతోంది. తరవాత నెల తిరక్కుండానే చెకింగ్‌లో ఆపారు. పొగ కిందికి గానీ ఎడమపక్కకు గానీ వదలకూడదని, వెనక్కో కుడిపక్కకో పోవాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 112వది చెబుతుందని నాకు అప్పుడే తెలిసింది. మన దేశంలో ఎడమపక్కనే కదా జనం నిలబడేది, ఎక్కేది, దిగేది. పద్నాలుగేళ్లుగా బండి తోలుతున్నాను, ఈ ముక్క నాకు ఎవరూ చెప్పలేదు. వెల్డింగ్ కుర్రాడికీ ఎవరూ చెప్పి ఉండరు.

జరిమానా కట్టాను, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. మోటారు వాహనాల చట్టానికి 2019లో వచ్చిన సవరణ తర్వాత అనుమతి లేని మార్పు చేయించిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ వేయొచ్చు. శబ్దం, పొగ నిబంధనలు మీరితే అదే చట్టం 190వ సెక్షన్ కింద 10,000 దాకా పోతుంది, మూడు నెలలు లైసెన్సుకూ ఎసరే. ఇంత ఉన్నా, ఆ పైపు చేసి అతికించిన చోటికి వెళ్లి "ఇలా ఎందుకు చేస్తున్నావు?" అని అడిగినవాళ్లను నేను చూడలేదు.

చలానా పడ్డ రోజు సాయంత్రమే ఆ పైపు విప్పించి, ఉండబట్టలేక, వెల్డింగ్ కుర్రాడు సైలెన్సరని మధ్యలో పెట్టిన డబ్బాను కట్టర్‌తో కోయించాను. బయటికి అచ్చం సైలెన్సరే, నల్ల రంగు కూడా కొట్టాడు. లోపల ఈ చివర నుంచి ఆ చివరకు ఒకటే పైపు! అడ్డపలకలు లేవు, చిల్లుల గొట్టాలు లేవు, గదులు లేవు. ఇంజన్ నుంచి దెబ్బదెబ్బగా వచ్చే శబ్దం ఆ గదుల్లో అటూ ఇటూ తగిలి, ఒకదాన్నొకటి కొట్టేసుకుని తగ్గాలి. సైలెన్సరు చేసే పని అదే. ఆ కేంద్ర నిబంధనల్లోనే 120వది అడిగేదీ దాన్నే, ట్రాక్టర్లతో సహా. అది లేకపోతే మిగిలేది ఊరికే రేకు డబ్బా. విచిత్రం ఏమిటంటే, అదే డబ్బాతో నా బండికి పొల్యూషన్ సర్టిఫికెట్ వచ్చింది. అక్కడి మిషను పొగ ఎంత చిక్కగా ఉందో కొలుస్తుంది, చప్పుడుతో దానికి సంబంధం లేదు.

రెండోసారి పని విజయవాడ ఆటోనగర్లో చేయించాను. అక్కడి పెద్దాయన ముందు బ్యాటరీ వైరు విప్పాకే వెల్డింగ్ మొదలుపెట్టాడు. పాత పైపు వ్యాసం కొలిచాడు. సన్నమైతే పొగ వెనక్కి తన్ని బండి లాగదు, నల్లపొగ కక్కుతుంది అన్నాడు. ఇంజన్‌కీ పైపుకీ మధ్య ముడతల గొట్టం, బెల్లోస్ అంటారే, అది మొదటి షాపులో తీసి పారేశారని చూసి తల పట్టుకున్నాడు. ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద ఊగుతుంటే పైపు బిర్రుగా ఉంటే ఫ్లాంజి దగ్గర, అంటే బోల్టులతో బిగించే అతుకు దగ్గర, పగులుతుందట. పగిలితే పొగ క్యాబిన్లోకే. గదులున్న సైలెన్సరు వేసి, రబ్బరు బుష్‌లతో వేలాడదీసి, నీరు దిగడానికి అడుగున సన్నటి చిల్లు పెట్టి, పైపు వెనకదాకా తీశాడు. చివర్లో బండి స్టార్ట్ చేయించి, తడిగుడ్డతో పైపు మూతిని ఒక్క క్షణం మూసి, అతుకుల దగ్గర బుస్సుమంటుందేమో చెవి పెట్టి విన్నాడు. 6,500 అయింది. అంటే కస్టమ్ పైపు అన్నంత మాత్రాన తప్పుడు పని కాదు. పాత బండ్లకు చాలాసార్లు వేరే దారే ఉండదు.

ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండిని ఏటా ఎఫ్‌సీకి, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కు, తీసుకెళుతున్నాం. లైట్లు, బ్రేకులు, రేడియం స్టిక్కర్లు చూసినట్టే అక్కడ తనిఖీ చేసేవాళ్లు పైపు ఎటు తిరిగిందో చూసి, శబ్దం కొలిచే మీటరు కూడా పెట్టాలి. బయటి నుంచి చూస్తే నా ఖాళీ డబ్బా ఎవరికీ దొరికేది కాదు. పొగ ఎటు పోవాలి, డీజిల్ పైపుకి ఎంత దూరం ఉండాలి (113వ నిబంధన ప్రకారం కనీసం 35 మిల్లీమీటర్లు), సైలెన్సరులో ఏముండాలి, ఇవి బొమ్మలతో తెలుగులో ఒక్క కాగితం మీద వేసి రవాణా శాఖ ప్రతి వెల్డింగ్ షాపులో అతికించొచ్చు. క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువులను తగ్గించే డబ్బా) ఉన్న బండ్లకు "జామ్ అయింది, తీసేద్దాం" అని చెప్పి, లోపలి ప్లాటినం కోసం పాత సామాన్లకు అమ్ముకునేవాళ్లూ ఉన్నారు. కాగితంలో ఆ హెచ్చరిక కూడా ఉంటే యజమానులు మోసపోరు. అన్నీ చెప్పాక కూడా ఖాళీ డబ్బాలు అమ్మేవాడికి జరిమానా వేస్తే ఎవరూ అడ్డు చెప్పరు.

వరిగడ్డి తోలే బండ్ల సంగతి మరీ ఘోరం. ట్రాలీ కిందే ఆగిపోయిన పొట్టి పైపు, పక్కల నుంచి వేలాడే ఎండుగడ్డి, నిప్పంటుకోవడానికి ఎంతసేపు? కోతలు మొదలయ్యేలోపే ఆ బండ్లనైనా ఒకసారి వంగి చూడమని అధికారులకు మీ పత్రిక ద్వారా నా మనవి.

కోయించిన ఆ డబ్బా ఇంకా మా పెరట్లోనే పడుంది. ఎఫ్‌సీ చేసే చోట గోడకు తగిలిస్తామంటే నా బండిలోనే తెచ్చి ఇస్తాను.

ఇట్లు,
ఒక పాత పికప్ యజమాని,
పశ్చిమ గోదావరి జిల్లా